నైరలో మా మడి లెక్క

బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడాదిలో ప్రాక్టికల్ క్రాప్ ప్రొడక్షన్ అని ఒక కోర్సు ఉంటుంది. ఖరీఫ్‌కు ఒకటి, రబీకి ఒకటి. దీనికి థియరీ క్లాసులు ఉండవు, అంతా పొలంలోనే. ఎనిమిది నుంచి పదిమంది విద్యార్థులు ఒక జట్టు, జట్టుకొక మడి. దుక్కి, విత్తనశుద్ధి, నారు, నాట్లు, నీళ్లు, కలుపు, పురుగు, కోత, నూర్పిడి, ఆరబెట్టడం, అమ్మడం అన్నీ ఆ జట్టే చూసుకోవాలి. ఆఖర్న బ్యాలెన్స్ షీట్ పెట్టాలి: సాగు ఖర్చు ఎంత, జట్టుకు ఎంత మిగిలింది, తలా ఎంత వచ్చింది. మేం చదివిన ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ఐదో డీన్స్ కమిటీ సిలబస్‌లో ఇదంతా రాసే ఉంది. సీనియర్లు ఈ కోర్సు గురించి చెప్పేటప్పుడు ఎండ, బురద, జలగల గురించే చెబుతారు. నాకు మాత్రం ఎక్కువ నేర్పింది ఆ బ్యాలెన్స్ షీటే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదివింది శ్రీకాకుళం పక్కన నైర వ్యవసాయ కళాశాలలో. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద 1989 నుంచి నడుస్తున్న కాలేజీ. మాది ఉద్దానం, కవిటి వైపు. రైతు కోటా కోసం నాన్న పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకుని తిరిగారు కాబట్టి కాగితం మీద నేను రైతుబిడ్డనే. కానీ మా ఇసుక నేలల్లో ఉండేది కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా తోటలో చాలా చెట్లను పడగొట్టింది. చెట్టు పోతే మళ్లీ కాపుకొచ్చేదాకా ఏళ్లు ఆగాలని అప్పుడు తెలిసింది. ఒక సీజన్‌లో పోయిన పంట మరో సీజన్‌లో తిరిగి వచ్చే వరి సంగతి మాత్రం నాకు బొత్తిగా తెలియదు. మడిలో కాలు పెట్టింది నైరలోనే. మా జట్టులో రాజాం, బొబ్బిలి నుంచి వచ్చిన పిల్లలకు వరి తెలుసు. కడప అబ్బాయికి వేరుశనగ తప్ప వేరేది తెలియదు. విశాఖ అమ్మాయి ఒకతె గమ్‌బూట్లు కొనుక్కుని మరీ వచ్చింది.

మాకు ఇచ్చింది పాతిక సెంట్లు. 2023 ఖరీఫ్. రకం శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537, మన జిల్లాలోనే రాగోలు పరిశోధన కేంద్రంలో తయారైంది. మడి మధ్యలో చిన్న గట్టు వేసి రెండు ముక్కలు చేశాం. ఒక ముక్కలో సిఫారసు ప్రకారం రసాయన ఎరువులు. రెండో ముక్కలో ప్రకృతి వ్యవసాయం: పచ్చిరొట్టగా కలియదున్నే జీలుగ, పేడ, మూత్రంతో చేసే ఘనజీవామృతం, ద్రవజీవామృతం, పురుగులకు ఆకుల కషాయాలు. "రెండూ పక్కపక్కన పెట్టుకోండి, వాదనలు తగ్గుతాయి" అన్నారు అగ్రానమీ సార్. తగ్గలేదు. ఇంకా పెరిగాయి.

ముందు మట్టి నమూనా. మడిలో అడ్డదిడ్డంగా నడుస్తూ కొన్ని చోట్ల పైన ఉన్న చెత్త తీసేసి, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తీసి, దాని గోడ నుంచి పైనుంచి కిందకు పలచగా మట్టి తీయాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేసి, మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా అలా చేస్తూ పోవాలి. చదివినప్పుడు రెండు మార్కుల ప్రశ్న. చేసినప్పుడు అర్థమైంది ఏమిటంటే, గట్టు పక్కన, చెట్టు నీడన, పేడకుప్ప పోసిన చోట తీస్తే రిపోర్టు మొత్తం తప్పుతుంది. ఆ చోట్లు ఏవో అక్కడ పని చేసేవాళ్లకే తెలుసు. "అటు తియ్యకండి బావూ, పోయినేడు గెత్తం కుప్ప అక్కడే ఉండేది" అని ఫారంలో పనిచేసే ఒక ముసలాయన చెప్పకపోతే మేం అక్కడే తీసేవాళ్లం.

జీలుగ తొలకరికి చల్లాం. ఎకరాకు పది పన్నెండు కిలోల లెక్కన మా ముక్కకు కొద్దిగానే పట్టింది. పూత మొదలయ్యే వేళకు, అంటే ఇంచుమించు నలభై అయిదు రోజుల పైరును దమ్ములో కలియదున్నేయాలి. ముదిరితే కాడ పీచుకట్టి తొందరగా కుళ్లదు. కలియదున్నిన రోజు నుంచి ఆ ముక్కలోంచి వచ్చిన వాసన గురించి హాస్టల్లో చాలా జోకులు నడిచాయి.

అసలు గొడవ ద్రవజీవామృతం దగ్గర మొదలైంది. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, రసాయనాలు తగలని గట్టు మట్టి ఒక గుప్పెడు. డ్రమ్ములో పోసి నీడన పెట్టి పొద్దునా సాయంత్రం కర్రతో కలపాలి. రెండు రోజులయ్యాక నీళ్లలో పారించాలి, పదిహేను రోజులకోసారి. మా ముక్కకు పాతిక లీటర్లు చాలు. కడప అబ్బాయి కాలిక్యులేటర్ తీశాడు. యూరియా బస్తా 45 కిలోలు, నత్రజని 46 శాతం, అంటే బస్తాలో 20 కిలోల 700 గ్రాములు. ధర 266 రూపాయల 50 పైసలు. పచ్చి పేడలో నత్రజని అర శాతం కూడా ఉండదు. పది కిలోల పేడలో మహా అయితే 50 గ్రాములు. "దీంతో వరి పండుతుందా? ఇది సైన్సా, నమ్మకమా?" అని నేరుగా సార్‌నే అడిగాడు.

నాకు ఆ ప్రశ్న నచ్చింది. మా క్లాసులో చాలామందికి ఇది అడగాలంటే మొహమాటం. ప్రకృతి వ్యవసాయం గురించి మాట్లాడేవాళ్లలో సగం మంది అదే మంత్రం అన్నట్టు మాట్లాడతారు, మిగతా సగం మంది లెక్క కూడా వేయకుండా కొట్టిపారేస్తారు. సార్ జవాబు ఇదీ: "నీ లెక్క కరెక్టే. జీవామృతం ఎరువు అనుకుంటే దండగ. అది తోడు. పాలు లేకుండా తోడు వేస్తే పెరుగు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పాలు నువ్వు దమ్ములో తొక్కిన జీలుగ." జీలుగ వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. బాగా పెరిగిన జీలుగ హెక్టారుకు 60 కిలోలు, ఆపైన కూడా నత్రజని నేలకు చేరుస్తుంది. పచ్చిరొట్ట లేదు, పశువుల ఎరువు లేదు, ఉత్త డ్రమ్ము నీళ్లు పారించి దిగుబడి రాలేదంటే తప్పు డ్రమ్ముది కాదు. కడప అబ్బాయి పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు. కానీ ఆ రోజు నుంచి డ్రమ్ము కలిపే వంతు ఒక్కసారి కూడా తప్పించుకోలేదు.

మన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు కూడా. 2016లో రాష్ట్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఊరూరా మహిళా సంఘాల్లోకి వెళ్లింది. మేం రేపు ఏ ఊరికి ఉద్యోగానికి వెళ్లినా ఒకరు యూరియా ఎంత వెయ్యాలని అడుగుతారు, పక్కావిడ కషాయం గురించి అడుగుతుంది. ఇద్దరికీ చెప్పగలగాలి.

విత్తనానికి వస్తే, బకెట్ నీళ్లలో కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి, అందులో వడ్లు పోసి తేలినవి తీసేశాం. మునిగినవి రెండుసార్లు మంచి నీళ్లలో కడిగాం. ఒక వంతుకు మామూలు విత్తనశుద్ధి మందు, రెండో వంతుకు పేడ, మూత్రంతో చేసే బీజామృతం. ఆకుమడి వేసేదాకా అంతా బాగానే నడిచింది.

ఉభాలు, అంటే నాట్లు, ఆగస్టు మొదట్లో పడ్డాయి. నాటేవాళ్లు ఫారం మహిళా కూలీలు, వాళ్ల మధ్య మేం. ఆకు తీసి కట్టలు కట్టాక కొనలు తుంచమన్నారు మేడమ్. కాండం తొలుచు పురుగు రెక్కల పురుగు గుడ్లు పెట్టేది నారు ఆకుల కొనల మీదే. గోధుమరంగు నూగు కప్పిన చిన్న ముద్దల్లా ఉంటాయి. కొనలు తుంచి దూరంగా పారేస్తే ఆ గుడ్లన్నీ మడిలోకి రాకుండానే పోతాయి. మందు చుక్క అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. నాకు ఈ కోర్సు మొత్తంలో బాగా నచ్చిన పని ఇదే. కాకపోతే కట్టకట్టకూ కూర్చుని తుంచాలి, అవతల నాటేవాళ్లు ఆకు కోసం కేకలు వేస్తుంటారు.

తాడు పట్టి వరస చూసి 20 బై 15 సెంటీమీటర్ల దూరంలో నాటమన్నారు, చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడేలా. ప్రతి రెండు మీటర్లకు తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. గాలి, వెలుతురు తగిలితే సుడిదోమ ఉధృతి తగ్గుతుంది, మందు కొట్టడానికీ కలుపు తీయడానికీ దారి ఉంటుంది. మా పక్కన నాటుతున్న ఒక అప్ప నేను తాడు చూసుకుంటూ ఒక్కో కుదురు పెట్టడం కాసేపు చూసి, "ఏటి పాపా, నువ్విలా నాటితే మన ఉభాలు సంకురాత్రికి అవుతాయి" అంది. కాలిబాటల సంగతి ఆమెకు అసలు నచ్చలేదు. "బంగారంలాంటి నేల ఖాళీగా వదిలేస్తారేటి?" అనేసి, మేం చూడనప్పుడు రెండు చోట్ల బాట పూడ్చేస్తూ నాటేసింది. పది గంటలకల్లా విశాఖ అమ్మాయి గమ్‌బూట్లు గట్టెక్కాయి. ఒకటి దమ్ములో దిగబడి, కాలు మాత్రమే పైకి వచ్చింది. వరి మడికి ఒట్టి కాళ్లే నయం.

ఆ సాయంత్రమే ఖర్చుల పుస్తకం దగ్గర జట్టులో మాటా మాటా పెరిగింది. దమ్ము చేసిన ట్రాక్టరు గంటలు రాశాం, విత్తనం రాశాం, మహిళా కూలీల కూలి రాశాం. మా పేరు మీద సున్నా పెట్టాం. మేం స్టూడెంట్లం, మాకు కూలి ఏమిటి? రాజాం అమ్మాయి పెన్ను లాక్కుంది. "మా అమ్మ ఉభాలకెళ్తే రోజు కూలి ఇస్తారు. అదే మా సొంత మడిలో నాటితే లెక్కలో ఉండదు. నాన్న ఏటా పంటలో ఎంత మిగిలిందో చెబుతాడు, అందులో అమ్మ లేదు. ఇక్కడా అలాగే రాద్దామా?" అంది. కడప అబ్బాయి "అయితే మన పని స్పీడు చూసి సగం కూలి వెయ్యి" అని నవ్వాడు. చివరికి అలాగే తేల్చాం. పొలంలో గడిపిన ప్రతి గంటా రాయాలి, ఎవరు, ఏ పని, ఏ ముక్కలో. రేటు మాత్రం ఊళ్లో నడుస్తున్న కూలిలో సగం.

అప్పటి నుంచి ఆ పుస్తకంలో రెండు వరసలు. రొక్కం ఖర్చు ఒకటి, ఒళ్లు ఖర్చు ఒకటి.

ఇక ఆగస్టు. ఆ ఏడాది ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత తక్కువ వాన పడిన ఆగస్టు. నాటిన మడి తడి తగ్గి నెర్రెలు కనిపించే దశకు వచ్చింది. వంతు నీళ్లు వచ్చేదాకా టెన్షనే. మడిలో నీళ్లు నిలబడకపోతే మొదట లేచేది కలుపు. ఊద, తుంగ పోటీపడి వచ్చాయి. ఎరువుల ముక్కలో నాటిన తొలి రోజుల్లోనే కలుపు మందు ఇసుకలో కలిపి చల్లాం కాబట్టి అక్కడ కొంత నయం. జీలుగ ముక్కలో వీడర్ నడపాలి. 20 సెంటీమీటర్ల వరసల మధ్య అది ఒక దిక్కుకే నడుస్తుంది, కుదుళ్ల మధ్యన ఉన్నది చేత్తోనే తీయాలి. పైగా ఊద చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు, దాని తొడుగు కలిసే చోట వరికి చిన్న పొర, నూగు ఉంటాయి, ఊదకు ఉండవు. మేం ఒక్కో మొక్కనూ వంగి అది చూసి పీకుతుంటే, పక్క వరసలో అప్ప చూడకుండానే పీకుతూ వెళ్లిపోయేది. ఆ వారం పుస్తకంలో జీలుగ ముక్క వైపు ఒళ్లు ఖర్చు వరస పేజీ దాటింది. ఎరువుల ముక్క వైపు నాలుగు గీతలు.

పురుగు చూడటం వారానికోసారి. ఐమూలగా నడుస్తూ కొన్ని కుదుళ్లు ఎంచుకుని పిలకలెన్ని, మొవ్వు చనిపోయినవెన్ని, సుడిదోమ ఎంత, సాలీళ్లెన్ని, అక్షింతల పురుగులెన్ని అని రాసుకుని, చార్టు గీసి, మందు కావాలా వద్దా తేల్చాలి. రైతులు పొలంలోనే కలిసి నేర్చుకునే పొలంబడిలో చేసేదీ ఇదే. 1989లో ఇండోనేసియాలో వరికి సుడిదోమ బెడద మీదే ఆ పద్ధతి పుట్టింది. మాకు ఎక్కువ ఉపయోగపడిన పాఠం, మందు కొట్టకూడదని తేల్చడం. ఎరువుల ముక్కలో పైరు నల్లగా, ఏపుగా ఉంది. దోమ కూడా అక్కడే ముందు కనిపించింది, నత్రజని ఎక్కువైతే దానికి పండగే. కంగారుపడి మందు అడిగితే మేడమ్ ముందు నీళ్లు తీసేయమన్నారు. మడిని ఆరబెట్టి, మళ్లీ తడిపి, మళ్లీ ఆరబెట్టాం. సాలీళ్లు, మిరిడ్ నల్లులు వాటి పని అవి చేశాయి. మందు అవసరం రాలేదు. రెండో ముక్కలో ఆకుముడత కనిపిస్తే నీమాస్త్రం కొట్టాం. దానికి వేపాకు దంచిన గంటలు కూడా రాశాం, దంచింది ఎక్కువగా అమ్మాయిలే అన్న సంగతితో సహా.

చిరుపొట్ట దశ గుర్తించడం ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ప్రధాన పిలకను మొదలు దగ్గర కోసి, బ్లేడుతో నిలువునా చీలిస్తే లోపల ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని నూగులాంటి మొన కనిపిస్తుంది. అదే వెన్ను. ఆఖరి దఫా యూరియా, మిగిలిన సగం పొటాష్ వేయాల్సింది అప్పుడే. క్యాలెండర్ చూసి వేసేవాళ్లు వారం అటూ ఇటూ అవుతారు.

కోతకు ముందు రబీ పంట కూడా మొదలుపెట్టాలి. మన వైపు వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే మినుములు, పెసలు చల్లేస్తారు. దుక్కి లేదు, ఎరువు లేదు, నీళ్లు లేవు. వరి కోసేసరికి మొలక ఉంటుంది. వరి వదిలిన తేమతో, మంచుతో ఆ పంట పండుతుంది. తక్కువ ఖర్చుతో నేలను కాపాడుకునే సాగు గురించి పుస్తకాలు పుస్తకాలు చదివి వచ్చాం కానీ, శ్రీకాకుళం రైతు ఎప్పటి నుంచో చేస్తున్న ఈ పని కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. మిషను కోతకు చక్రాల కింద మొలక నలిగిపోతుంది కాబట్టి కొడవలి కోతే కావాలి. అదిగో, మళ్లీ ఒళ్లు ఖర్చు. మేం పల్లాకు తెగులును తట్టుకునే టీబీజీ 104 మినుము చల్లాం.

కోసి పనలు వేశాక మిచౌంగ్ తుపాను. డిసెంబర్ 5న అది తీరం దాటింది బాపట్ల దగ్గర, కానీ వాన మాదాకా వచ్చింది. కబురు ముందే ఉంది కాబట్టి ముందు రోజు రాత్రి టార్చిలైట్ల వెలుగులో పనలు మోసి కుప్ప వేశాం. కుప్ప వేయడం ఒక విద్య. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి, పైన నీళ్లు జారేలా వాలు. బొబ్బిలి అబ్బాయి పైన నిలబడి వేస్తుంటే మేం అందించాం. కొంత తడిసింది, కొన్ని గింజలు మొలకెత్తాయి. చుట్టుపక్కల ఊళ్లలో పనలు మడిలోనే తేలిన రైతులతో పోలిస్తే మాది నష్టమే కాదు.

ఎండబెట్టడమే పెద్ద పని అయింది. తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. ఆ ఏడాది 'ఎ' గ్రేడు క్వింటాలుకు 2203 రూపాయలు, మన వైపు 80 కిలోల బస్తా లెక్కన 1762 రూపాయల చిల్లర. గింజ నోట్లో వేసుకుని పంటితో కొరికి తేమ చెప్పే పెద్దవాళ్లు ఉన్నారు. మాకు మీటరు ఉంది. రెండూ చాలాసార్లు కలిశాయి. ధాన్యం పనిలో ఒక మిల్లు దగ్గరకు వెళ్లినప్పుడు మా ముందున్న రైతును, తేమ సరిపోయినా, బస్తాకు కొంత ఎక్కువ తూకం వెయ్యమన్నారు. ఆయన గొడవ పడకుండా వేసేశాడు. అదేమని అడిగితే "ఆటో కిరాయి ఎక్కేస్తంది బావూ, తిరిగి మొయ్యలేం" అన్నాడు. బ్యాలెన్స్ షీట్‌లో దీనికి గడి లేదు.

ఇక లెక్క. దిగుబడి ఎరువుల ముక్కలో కొంత ఎక్కువ. రొక్కం ఖర్చు జీలుగ ముక్కలో బాగా తక్కువ. ఈ రెండే చూస్తే జీలుగ ముక్కే గెలిచింది, సగం క్లాసు చప్పట్లు కొట్టింది. ఒళ్లు ఖర్చు వరస కూడా కలిపితే, సగం కూలి రేటుకు కూడా, ఆ మిగులు దాదాపు కరిగిపోయింది. కడప అబ్బాయి మొహం వెలిగింది. అప్పుడు సార్ ఇద్దరినీ కూర్చోబెట్టారు. మొదటిది, మా ప్రయోగంలో రెప్లికేషన్ లేదు, ఒక్కో పద్ధతికి ఒక్కో ముక్క. పైగా ఎరువుల ముక్క కాలువ వైపు ఉంది, ఆగస్టులో నీళ్లు ముందు దానికే అందాయి. దీంతో ఏ పద్ధతి గొప్పదో ఎవరూ చెప్పలేరు. రెండోది, నేల మారడానికి ఒక్క పంట చాలదు. "కానీ మీ పుస్తకం పనికొస్తుంది" అన్నారు. జీలుగ ముక్కకు పట్టిన గంటల్లో ఎక్కువ భాగం ఎక్కడ పోయాయో చూడమన్నారు. చూశాం. జీవామృతంలో కాదు, కషాయాల్లోనూ కాదు. కలుపులో. ఆగస్టులో నీళ్లు నిలిచి ఉంటే ఆ వరస సగానికి తగ్గేది. అంటే మేం రసాయనాలా, ప్రకృతా అని కొట్టుకున్నదంతా చివరికి కాలువ నీళ్ల దగ్గర తేలింది. అది ఏ పోస్టర్ మీదా కనిపించని సంగతి.

రబీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మినుము బాగానే పండింది, అదృష్టం.

ఆ తర్వాతి ఏడాది రావెప్, అంటే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం. ఊళ్లో ఉండి రైతుతో కలిసి పనిచేయాలి. మా నలుగురికి విజయనగరం జిల్లాలో ఒక మెట్ట ఊరు వచ్చింది, రైతు సేవా కేంద్రం ఉన్న ఊరు. అక్కడ వరి కన్నా చోళ్ల (రాగుల) మీద మాటలు ఎక్కువ. విజయనగరం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన చంపావతి, అంటే వీఆర్ 708, తొందరగా కోతకు వస్తుందని వేసేవాళ్లు ఉన్నారు. నాకు అప్పజెప్పిన ఇంట్లో సేద్యమంతా ఆవిడదే, భర్త హైదరాబాద్‌లో కట్టడం పనుల్లో ఉన్నాడు. తొలకరికి ముందే పొడి దుక్కిలో ఇరవై రకాల పైచిలుకు విత్తనాలు కలిపి, మట్టి, బూడిద, జీవామృతం పట్టించి గుళికలు చేసి చల్లేది. వాన పడేదాకా అవి అలాగే ఉంటాయి, పడగానే లేస్తాయి. నేలకు కప్పు, పశువులకు మేత. ఇవన్నీ ఆమెకు నాకన్నా బాగా తెలుసు. నేను నేర్పడానికి ఏమీ లేదనిపించి, నా దగ్గరున్న ఒక్క పని చేశాను. ఆమెతో కలిసి రెండు వరసల పుస్తకం మొదలుపెట్టాను.

మొదట నవ్వింది. నాలుగో రోజు నుంచి తనే చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో ఆవు లేదు కాబట్టి పేడ, మూత్రం కోసం రెండు వీధులు నడిచే సమయం. ఆకులు తెచ్చే సమయం. సంఘం మీటింగుకు వెళ్లే సమయం. నెల తిరిగేసరికి ఆమె తేల్చుకున్నది ఏమిటంటే, కషాయాలు సొంతంగా చేయడం తనకు గిట్టదు, రసాయన పురుగుమందులు లేని సాగుకు కావలసినవి అమ్మే ఎన్‌పీఎం షాపులో కొనుక్కుని ఆ గంటల్లో ఉపాధి పనికి వెళితే నయం. గుళికల విత్తనం మాత్రం మానేది లేదు, ఎందుకంటే మేత కోసం నడిచే దూరం తగ్గింది. మా గైడ్ మేడమ్‌కు ఈ సంగతి రిపోర్టులో రాస్తే, పక్కన టిక్కు పెట్టి, ఇంటర్న్‌షిప్ మార్కుల కన్నా ముందు ఇది ఊరి సమావేశంలో చదవమన్నారు. చదివాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమకూ పుస్తకం రాసిపెట్టమన్నారు. ఒక పెద్దాయన "ఇవన్నీ లెక్కేస్తే ఎవడూ సేద్యం చెయ్యడు" అని లేచి వెళ్లిపోయారు. ఆయన మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడూ పూర్తిగా లేదు.

ఈ ఏడాది మడి తీసుకోబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు కాబట్టి ఇవి చెబుతాను. జీలుగ విత్తనం కోసం మే నెలలోనే అడిగి పెట్టుకోండి, జూన్‌లో అందరూ ఒకేసారి వస్తారు. డ్రమ్ముకు మూత బదులు గోనెసంచి కప్పండి, గాలి ఆడాలి. రెండు ముక్కలూ కాలువను తాకేలా మడిని చీల్చండి, రెండు ముక్కలకూ నీళ్లు సమానంగా అందుతాయి. వీలైతే నాలుగు ముక్కలు చేసి చీటీ వేసి పంచుకోండి, అప్పుడు మీ లెక్క మా లెక్క కన్నా గట్టిగా నిలబడుతుంది. గంటలు ఏ రోజువి ఆ రోజే రాయండి. వారం తర్వాత రాస్తే అందరికీ తాము పడ్డ కష్టమే గుర్తుంటుంది, పక్కవాడిది గుర్తుండదు. గమ్‌బూట్లు కొనకండి.